బైలాడీలా: అంకెలైపోయిన కొండలు

శ్రోతల్లో విశాఖలో పెరిగినవాళ్ళుంటే, అరకు వైపు నుంచి వచ్చే గూడ్సు బళ్ళు గుర్తుండే ఉంటాయి. చిన్నప్పుడు మేం రైల్వే గేటు దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళం. "అదంతా జపాను పోతుందిరా" అనేవారు మా నాన్నగారు. ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

వచ్చేది బస్తర్ అడవుల్లోని బైలాడీలా కొండల నుంచి. ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా. బైలాడీలా అంటే ఎద్దు మూపురం. కొండ కొసలు అలాగే ఉంటాయి మరి.

అక్కడి ఇనుప ఖనిజం గురించి జియలాజికల్ సర్వేకి చెందిన పి.ఎన్.బోస్ 19వ శతాబ్దం చివర్లోనే రాశారు. మయూర్‌భంజ్ ఇనుము గురించి 1904లో జంషెడ్‌జీ టాటాకి ఉత్తరం రాసిందీ ఆయనే. 1930ల్లో క్రూక్‌షాంక్ అనే అధికారి బైలాడీలా కొండల్ని వివరంగా సర్వే చేశాడు. అప్పట్లో ఈ పనికి సుత్తి, దిక్సూచి, ఓపికగల కాళ్ళే ఆధారం. వాగులో బరువైన నల్లరాయి దొరికితే, అది ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చిందో చూస్తూ ఎగువకి నడవాలి. పింగాణీ ముక్క మీద గీస్తే ఎర్రగీత పడిందా, హెమటైట్ అన్నమాట. దారి చూపడానికి, మూటలు మోయడానికి అడవి మనుషులు లేకపోతే అడుగు ముందుకి పడదు. అసలు బస్తర్ కమ్మర్లు మట్టి బట్టీల్లో ఇనుము తీయడం అంతకుముందు నుంచీ ఉన్నదే.

క్రూక్‌షాంక్ 14 నిక్షేపాలు గుర్తించి, వాటికి అంకెలు వేశాడు. ఆయన్ని తప్పుపట్టను, మ్యాపుకి అంకెలే సౌకర్యం. 1960లో జపాను ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరింది. ఈ ఖనిజం కోసమే తూర్పు కనుమల్ని తొలిచి, కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలు మార్గం వేశారు. 1968లో మొదలైన తొలి గని పేరు కూడా అంకే: డిపాజిట్ 14.

2019 జూన్‌లో వేలమంది ఆదివాసీలు కిరందుల్ వచ్చి, రోజుల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. 13వ నిక్షేపం తవ్వొద్దని. వాళ్ళకది నందరాజ్ దేవుడి కొండ. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపించింది.

ఆ వార్త చదివి వినిపిస్తే మా అబ్బాయి, "మరి మిగతా కొండల పేర్లేమిటి నాన్నా?" అన్నాడు. మ్యాపు తీసి చూశాను. అన్నీ అంకెలే.