పచ్చకు, ఎఱుపునకు నడుమ

పొదిలి నుండి ఒంగోలు, మార్కాపురము, కనిగిరి, దర్శి వైపులకు బాటలు పోవుచున్నవి. ఇట్లు బాటలు కలియుచోట ముందెవరు పోవలెనను తగవు బండ్లంత పాతది. దానిని దీపములతో తీర్చు ప్రయత్నము 1868 డిసెంబరులో లండనులో మొదలైనది.

జాన్ పీక్ నైట్ అను రైల్వే ఇంజనీరు సూచనపై పార్లమెంటు భవనముల చెంత ఒక స్తంభమును నాటిరి. పగలు రైలు సిగ్నలు వలె దాని చేతులు లేచి దిగెడివి. రాత్రి ఎఱుపు, ఆకుపచ్చ గ్యాసు దీపములు వెలిగెడివి. వానిని నడుపుటకు ఒక పోలీసు నిలిచియుండెడివాడు. 1869 జనవరిలో గ్యాసు కారి దీపము ప్రేలగా అతడు గాయపడెను. ఆ ప్రయత్నము అంతటితో ఆగినది.

1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండులో విద్యుద్దీపములు వచ్చినవి. రంగులు రెండే, అవి మారుటకు ముందు బజరు మ్రోగెడిది. 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ వానికి నడుమ పసుపు దీపమును చేర్చెను.

ఈ పసుపు దీపము ఎందులకు? డ్రైవరు దీపమును చూచి, నిశ్చయించుకొని, బ్రేకుపై కాలు మోపుటకు సుమారు ఒక సెకను పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఆ సెకనులోనే దాదాపు 17 మీటర్లు సాగును. తరువాత కుదుపు లేకుండ మెల్లగా బ్రేకు వేసి ఆగుటకు మరి 46 మీటర్లు కావలెను, వెరసి 63. పసుపు దీపము 3 సెకనులే వెలిగినచో, ఆ వ్యవధిలో కారు పోగలిగినది 50 మీటర్లు మాత్రమే. కావున కూడలికి 50, 63 మీటర్ల నడుమ చిక్కినవాడు కుదుపు లేకుండ ఆగనూ లేడు, ఎఱుపు పడకముందు కూడలి అంచును చేరనూ లేడు. పలకలతో నిండిన మార్కాపురపు లారీ అంత త్వరగా ఆగదు గనుక దాని ఇరకాటము ఇంకను పెద్దది.

గాజిస్, హెర్మన్, మరదుదిన్ అను శాస్త్రజ్ఞులు 1960లో ఈ చిక్కును గణితముతో నిరూపించిరి. వీరిలో హెర్మన్, విశ్వమంతట ఒక ప్రాచీన వికిరణము మిగిలియుండవలెనని 1948లో ఆల్ఫర్‌తో కలిసి ఊహించినవాడే.

పై లెక్కలో పసుపు దీపమును దాదాపు 4 సెకనులు వెలిగించినచో ఆ ఇరకాటము పోవును. ఎఱ్ఱదీపమును దాటినవాడు తొందరపాటు మనిషియే కానక్కరలేదు. దీపము అతనికి తగిన వ్యవధి ఇచ్చినదా అనియు విచారింపవలెను. అయితే ఆ లెక్క ఒక వేగమునకే సరిపోవును. అంతకు మించి తోలువానికి ఏ దీపమును వ్యవధి ఈయజాలదు.