బులెట్టు ముందుకాళ్ళు – ఒక పాఠపరిష్కరణ

మా అన్నయ్య 1974లో కొన్న బులెట్టు ఇప్పుడు నా ఇంటి వసారాలో ఉంది. ఆయన పోయిన తరువాత దాన్ని పాత ఇనుముకు వేసెయ్యమని సలహా ఇచ్చినవారే అందరూను. నేను వినలేదు. జీవితమంతా పిల్లలకు సంధులూ ఛందస్సూ చెప్పుకున్నవాడికి యంత్రాల గొడవ ఎందుకని చదువరులు శంకించవచ్చు. శంక సహేతుకమే. కాని ఈ బండి ముందుకాళ్ళకు బయటి తయారీ భాగాలు వేయించబోయి నేను పడిన పాట్లు చివరకు నా వృత్తికి సంబంధించినవేనని తేలింది. అందుచేత రాస్తున్నాను.

ముందుకాళ్ళు అన్నది నా మాట. మెకానిక్కులు ఫోర్కు అంటారు. పైన ఉండే నున్నని గొట్టం ఫోర్కు రాడ్డు. దాని మీద పైకీ కిందికీ జారే గొట్టం బాటమ్. రాడ్డంటే కడ్డీ కదా, ఇది బోలుగా ఉందేమని అడిగితే మా మెకానిక్కు నవ్వాడు. ఇక్కడ యోగార్థం చూడరాదు, రూఢ్యర్థమే గ్రాహ్యమని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

ఈ గొట్టంలో గొట్టం అనే ఉపాయం పాతదే. 1908లో యార్క్‌షైరుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ స్కాట్ తన మోటారు సైకిలుకు ఇటువంటి ముందుకాళ్ళే పెట్టాడు. స్ప్రింగు పెట్టాడు గాని దాన్ని అదుపులో ఉంచే నూనె పెట్టలేదు. స్ప్రింగుది అప్పు ఉంచుకోని స్వభావం. గోతిలో ఎంత పుచ్చుకుంటే అంతా వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. బండి ఎగురుతూనే ఉంటుంది. తక్కిన తయారీదారులు మరి పాతికేళ్ళు గర్డరు ఫోర్కుల తోనే కాలక్షేపం చేశారు. 1934లో డెన్మార్కు దేశపు నింబస్ బండికి గొట్టపు ఫోర్కు వచ్చింది. 1935లో జర్మనీ బీఎండబ్ల్యూ వారు ఆర్12 అనే నమూనాలో నూనెతో అదుపుచేసే ఫోర్కును అమ్మకానికి తెచ్చారు. చక్రం గోతి దాటగానే స్ప్రింగు లాగుకున్న శక్తి ఇరుకు సందుల్లోంచి నూనెను తోయడంలో ఖర్చయి, వేడిగా మారిపోతుంది. దిగేటప్పుడు నూనెకు దారి విశాలం, లేచేటప్పుడు ఇరుకు. కిటుకంతా ఇంతే. యుద్ధకాలంలో, 1941లో, మ్యాచ్‌లెస్ జి3ఎల్ ద్వారా బ్రిటిషు సైన్యపు వార్తాహరులకు ఈ సుఖం దక్కింది. యుద్ధం ముగిశాక రాయల్ ఎన్‌ఫీల్డు వారూ ఆ దారి పట్టారు. వెనక కూడా స్ప్రింగులున్న కొత్త బులెట్టు 1948లో ఇటలీలోని సాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల పోటీలో నెగ్గి, 1949లో బజారుకెక్కింది.

మన దేశానికి అది సైన్యం కోసం వచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించారు. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో బండ్లు తయారు కాసాగాయి. 1967లో రెడిచ్ కర్మాగారం మూతపడింది, 1970లో ఇంగ్లండులో ఆ బండ్ల తయారీయే ఆగిపోయింది. మాతృక నశించినా ప్రతి బతికింది. 1977లో ఆ ప్రతే తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి కావడం ఈ చరిత్రలో నాకు ఎంతో నచ్చిన ఘట్టం.

మేలైనా కీడైనా ఇక్కడే ఉంది. దశాబ్దాల తరబడి ఒకే రూపు ఉండడం వల్ల లేతు యంత్రం ఉన్న ప్రతివాడూ బులెట్టు భాగాలు చేయగలిగాడు. ఊరూరా విడిభాగాలు దొరికాయి. పేదవాడి బండి రోడ్డు మీద నిలిచింది. అయితే చేసేవాడి దగ్గర కొలతల పటం లేదు. చేతికి దొరికిన పాత భాగమే వాడికి పటం.

మా బండి సీళ్ళలోంచి నూనె కారడం మొదలైనప్పుడు మెకానిక్కు (ఒకప్పుడు నా తరగతిలో చివరి బెంచీ) "రాడ్లు తుప్పు తినేశాయి మాస్టారూ, ఒరిజినలు దొరకవండి, లోకల్ వేసేద్దామండి" అన్నాడు. సరేనన్నాను. రాడ్లు, స్ప్రింగులు, సీళ్ళు అన్నీ కొత్తవి వచ్చాయి. తళతళలాడాయి. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ నూనె. పట్టించుకోకపోవడం నా తప్పు. ఒక సాయంత్రం కాలువగట్టు మీద గేదె అడ్డం వస్తే బ్రేకు వేశాను. ముందుభాగం ఒక్కసారిగా కుంగి, హేండిలు ఎడమకు తిరిగింది. బురదలో పడ్డాను గనుక మణికట్టు వాపుతో సరిపోయింది. రోజూ ఆ వేళకు బడి నుంచి మనవణ్ణి వెనక కూర్చోబెట్టుకుని వస్తాను. ఆ రోజు వాడికి జ్వరం, ఇంట్లో ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

విప్పించి చూస్తే ఎడమకాలిలో నూనె చుక్క లేదు. స్ప్రింగులు రెండూ నిలబెడితే ఒకటి పొట్టి. కొత్త రాడ్డు మీద గోరుతో గీస్తే ఆకురాయిలా తగిలింది. సీలు పెదవిని అదే కోసేసింది. వెర్నియరుతో కొలిస్తే మిల్లీమీటరులో పదోవంతు సన్నం. ఎందుకు సన్నం? పాత రాడ్డుతో పోల్చాలంటే అది పాత ఇనుములో కలిసింది. వెతగ్గా ఒకటి షెడ్డులోనే దొరికింది. బిగిసిన బోల్టులు విప్పడానికి స్పానరుకు తొడిగే గొట్టంగా వాడుకుంటున్నాడు మా శిష్యుడు! రెండోది పాత ఇనుప కొట్టులో, తూకానికి సిద్ధంగా.

ఆ రాడ్డును సీలు ఆడే చోట కొలిచాను. సరిగ్గా కొత్తదాని కొలతే. అదే రాడ్డును పైభాగాన, సీలు ఎన్నడూ తాకని చోట కొలిస్తే పదోవంతు లావు. అప్పుడు అర్థమైంది. కొత్త రాడ్డు చేసినవాడు అరిగిపోయిన రాడ్డును చూసి, అరుగుదలతో సహా దింపాడు. తాళపత్ర లేఖకుడు చెదలు తిన్న అక్షరాన్ని చెదతో సహా రాసినట్టు. తప్పు చేశాననే అనుమానం కూడా అతడికి ఉండదు, శ్రద్ధగా దింపానన్న తృప్తే ఉంటుంది. అందుకేగా బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒక్క ప్రతిని నమ్మకుండా పలు ప్రతులు సరిచూపించింది! నలుగురూ ముట్టని చోటే అసలు పాఠం మిగులుతుందని నాకు తరగతిలో తెలుసును, షెడ్డులో స్ఫురించలేదు.

పాత రాడ్లనే హార్డు క్రోము పోయించి, పైభాగపు కొలతకు గ్రైండింగు చేయించాను. కొత్త రాడ్ల కంటె ఖరీదెక్కువే అయింది. తుప్పు గుంటలు లోతుగా ఉంటే ఈ వైద్యం పనికిరాదన్నారు, మావి పైపైవే. స్ప్రింగులు పాతవే, రెండూ సమానంగా నిలిచాయి గనుక. సీళ్ళు మాత్రం కొత్తవి. ఈ బండిలో హెడ్‌లైటును పట్టుకునే టోపీ వంటి పోతభాగంలోకి (ఆంగ్లేయులు దానికి ఫ్రెంచి పేరే పెట్టారు, క్యాస్కెట్ అని, అర్థం టోపీయే) రాడ్డు మరల తోనే ఎక్కుతుంది. సుత్తి వాడితే మర చెడుతుంది. నూనె చూపుమేరకు పోయబోతుంటే ఆపి, మందుల కొలగ్లాసుతో రెండు కాళ్ళకూ సమానంగా పోయించాను. ఇరుసు ఎక్కించాక కింది క్యాపుల నట్లు వదులుగానే ఉంచి, హేండిలు పట్టుకుని ముందుభాగాన్ని పదిసార్లు కిందికి నొక్కించాను. రెండు కాళ్ళూ తమంతట తాము సమాంతరంగా సర్దుకున్న తరువాతే బిగింపు. మొదటిసారి ఈ నొక్కుడు లేకుండానే బిగించారు. సీళ్ళ మీద ఒక పక్కకే బరువు పడడానికి అదీ ఒక కారణమై ఉండాలి.

రాడ్ల చుట్టూ తెల్ల గుడ్డ ముక్కలు కట్టి మూడు నెలలు తిరిగాను. దుమ్ము అంటింది, నూనె మరక లేదు. ఆ గుడ్డలు మా కోడలికి చూపించాను. చూసింది, ఏమీ అనలేదు. మనవడు ఇంకా బస్సులోనే బడికి వెళుతున్నాడు.