చీలమండ కీలులో సూదిమందు: మోకాలి నుంచి అరువు వచ్చిన చికిత్స

కీళ్ల అరుగుదల అనగానే స్ఫురించేది మోకాలు. చీలమండలో అది అరుదు. అక్కడ దాని మూలమూ వేరు. వయోభారం కన్నా పాత గాయమే ప్రధాన కారణం: ఏనాడో విరిగిన ఎముక, పదేపదే బెణికిన స్నాయువు. కనుకనే మోకాలి రోగుల కన్నా పిన్న వయసులోనే ఈ బాధ మొదలవుతుంది. అయినప్పటికీ ఈ కీలులోకి ఎక్కించే మందుల చరిత్ర చాలావరకు మోకాలి చరిత్రే.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కదలడానికే కష్టపడుతున్న ఒక రుమటాయిడ్ కీళ్లవాత రోగికి కార్టిజోన్ ఇచ్చాడు. కొద్ది రోజులకే ఆమె నడవగలిగింది. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అయితే దేహమంతటా వ్యాపించే ఆ మందు దుష్ఫలితాలు త్వరలోనే బయటపడ్డాయి. మందును నొప్పి ఉన్న చోటికే పరిమితం చేయడం మేలనిపించింది. 1951లో ఫిలడెల్ఫియా వైద్యుడు జోసెఫ్ హాలాండర్, సహచరులతో కలిసి, హైడ్రోకార్టిజోన్‌ను నేరుగా కీలులోకి ఎక్కించిన అనుభవాన్ని ప్రచురించాడు. ఉపశమనం నిజమే, అది తాత్కాలికమన్నదీ నిజమే. మూడు నెలలకొకసారి రెండేళ్లపాటు మోకాలిలో స్టెరాయిడ్ ఎక్కిస్తే మృదులాస్థి మరింత పలచబడిందనీ, నొప్పి విషయంలో ఉప్పునీటి కన్నా మేలు కలగలేదనీ 2017 నాటి ఒక అధ్యయనం తేల్చింది.

రెండవ మందు కథ మరీ విచిత్రం. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ పశువుల కంటిలోని ద్రవం నుంచి హైలురోనిక్ ఆమ్లాన్ని వేరుచేశారు. తరువాత దానిని కోడిజుట్టు నుంచి శుద్ధి చేసి పందెపు గుర్రాల కీళ్లలో వాడారు. 1997లో అమెరికా ప్రభుత్వం మనుషులకు అనుమతించింది, మోకాలికి మాత్రమే. చీలమండకు వైద్యులు తమ విచక్షణ మేరకు వాడుతూ వచ్చారు. 2012లో వెలువడిన ఒక పరీక్షలో చీలమండలో ఒక్కసారి ఎక్కించిన ఆ ఆమ్లం ఉప్పునీటిని మించలేదు.

ఆపై రోగి రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ సాంద్ర ద్రవం వంతు వచ్చింది. దీనిని చీలమండ మీదనే నెదర్లాండ్స్‌లో పరీక్షించారు. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 100 మంది రోగులు, ఆరు వారాల ఎడంతో రెండు ఇంజెక్షన్లు, 26 వారాల పరిశీలన. వంద పాయింట్ల కొలమానంపై ప్లేట్‌లెట్ జట్టు సుమారు 10 పాయింట్లు మెరుగుపడింది. ఉప్పునీటి జట్టు మెరుగుదల సుమారు 11. ఆ రెండవ జట్టే లేకుంటే మొదటి అంకె చికిత్స విజయంగా ప్రచారమయ్యేది. అంతకుముందు వెలువడిన చిన్న అధ్యయనాలలో పోల్చి చూసే జట్టు లేనివి ఉన్నాయి.