సవరణా, మార్పిడా? లక్ష్యఛేదన రైఫిల్ ట్రిగ్గర్ చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
ట్రిగ్గర్‌ను తెలుగులో ‘మీట’ అంటాం. అయితే లక్ష్యఛేదనలో దానిని వీణ తీగలా మీటకూడదు, నెమ్మదిగా నొక్కాలి. మీట బరువుగా ఉన్నా, గరుకుగా కదిలినా గుండు వెలువడే క్షణంలో గురి చెదురుతుంది. అందువల్ల ఉన్న మీటను సవరించుకోవాలా, తీసి కొత్తది బిగించుకోవాలా అన్న ప్రశ్న తలెత్తింది. దీనికి సమాధానం షూటర్ అభిరుచిలో కాక, ఆ యంత్రం నిర్మాణంలో ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సైనిక వారసత్వం:
1898 నాటి మౌజర్ సైనిక రైఫిల్‌లో రెండంచెల ట్రిగ్గర్ ఉండేది. బురదలోనూ కుదుపులలోనూ పొరపాటున పేలకుండా, ఫైరింగ్ పిన్‌ను ఆపి ఉంచే ‘సియర్’ అనే కొక్కేనికి గట్టి పట్టు కల్పించారు. సవరణకు స్క్రూలు లేవు. పట్టు తగ్గించాలంటే లోహాన్ని అరగదీయాలి; అరగదీసిన లోహం తిరిగి రాదు. గట్టిపరచిన పైపొర పోతే ఆ భాగం త్వరగా అరిగి, ప్రమాదకరమవుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మిగులు సైనిక రైఫిళ్లను వేటకూ లక్ష్యఛేదనకూ మలచుకున్న అమెరికన్లలో పలువురు మార్పిడి వైపు మొగ్గారు. 1946లో మొదలైన టిమ్నీ సంస్థ అటువంటి ట్రిగ్గర్లకే పేరుపొందింది.

సవరణకు హద్దు:
రెమింగ్టన్ సంస్థ 1948లో 721, 722 నమూనాలలోనూ, 1962లో 700 నమూనాలోనూ మైక్ వాకర్ రూపొందించిన ట్రిగ్గర్‌ను వాడింది. వాకర్ స్వయంగా బెంచ్‌రెస్ట్ షూటర్. స్ప్రింగ్ బరువు, సియర్ పట్టు, పేలిన తరువాత మీట అదనపు కదలిక – ఈ మూడింటినీ స్క్రూలతో సవరించే వీలు ఇందులో ఉంది. సౌకర్యంతో పాటే పట్టును మితిమీరి తగ్గించే ప్రమాదమూ వచ్చింది. మీటకూ సియర్‌కూ నడుమ ఉన్న చిన్న అనుసంధాన భాగం తన స్థానానికి సరిగా తిరిగి రాకపోతే, మీట నొక్కకుండానే తుపాకీ పేలుతోందని వ్యాజ్యాలు నడిచాయి. నమూనా సురక్షితమేనని సంస్థ వాదించింది. 2014లో తప్పు ఒప్పుకోకుండానే, సుమారు 75 లక్షల తుపాకులకు వర్తించే రాజీకి వచ్చింది. వాటిలో అనేకం విషయంలో పరిష్కారం ట్రిగ్గర్ మార్పిడే.

పోటీ నియమాలు:
అంతర్జాతీయ నియమాల ప్రకారం 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్ మీట బరువు 1500 గ్రాములకు తగ్గరాదు. కనుక అక్కడ తేలికదనం కంటే, బరువు ఒకే తీరుగా నిలిచి మీట స్ఫుటంగా విడవడం ముఖ్యం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు అటువంటి కనిష్ఠ పరిమితి లేదు. హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించినది ఈ విభాగంలోనే. ఈ పోటీ రైఫిళ్లలో సవరణకు వీలు ముందే ఉంటుంది గనుక మార్పిడి ప్రశ్న అరుదు.

ముగింపు:
తయారీదారు హద్దు ఏర్పరచి స్క్రూ ఇచ్చినచోట సవరణ తగినది. లోహాన్ని అరగదీస్తే తప్ప వీలుకానిచోట మార్పిడే మేలు. ఏ మార్గమైనా, సియర్ పట్టు నిలిచి ఉండటమే గీటురాయి. మీట తేలికదనం దాని తరువాతిదే.