చందాదారు సంతకం

ఇప్పుడు జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఇంట్లోకి ఇంటర్నెట్ కావాలంటే కేబుల్ ఆపరేటరుకు కబురు చేస్తే చాలు. మనుమడు ఫారం నింపుతాడు, తాతగారు సంతకం పెడతారు. సన్నని అక్షరాలలో ఉండే షరతులను చదివేవారు తక్కువ. ఆ షరతుల వెనుక నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం దగ్గర మొదలుపెట్టాలి. సిబ్బంది పొరపాటు వల్ల సందేశం అందక నష్టం జరిగితే ప్రభుత్వం పూచీ వహించదని దాని 9వ సెక్షను చెప్పింది. 1951 టెలిగ్రాఫ్ నియమాలలో 443వది మరీ కటువు. గడువులోగా బిల్లు కట్టకపోతే నోటీసు లేకుండానే లైను తీసివేయవచ్చు. 1957లో చేర్చిన 7బి సెక్షను ప్రకారం టెలిఫోను లైనుపై తగాదా వస్తే కేంద్ర ప్రభుత్వం నియమించిన మధ్యవర్తే తేల్చాలి. ఆయన తీర్పును ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదు. అంటే ప్రతివాది ఎంచిన పెద్దమనిషే న్యాయం చెప్పాలన్నమాట! ఫోను కోసం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్న మనిషి ఇవన్నీ అడుగుతాడా? గంట మోగితే చాలుననుకున్నాడు.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక తప్పు బిల్లుల తగాదాలు జిల్లా ఫోరాలకు ఎక్కాయి. ఈలోగా 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ పెద్ద నగరాలలో ఇంటర్నెట్ మొదలుపెట్టింది. 1998 నవంబరులో ప్రైవేటువారికీ తలుపు తీశారు. 'సి' తరగతి లైసెన్సు ఒక్క టెలిఫోను జిల్లా పరిధికే కావడంతో చిన్న వ్యాపారికీ చోటు దొరికింది. 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడింది. యజమానులు మారినా 7బి మాత్రం కదలలేదు.

2009 సెప్టెంబరు 1న కేరళ నుంచి వచ్చిన ఒక టెలిఫోను కేసులో, 7బి ఉండగా ఫోరానికి అధికారం లేదని సుప్రీంకోర్టు తేల్చింది. ఈ తీర్పును ప్రైవేటు కంపెనీలు కూడా అడ్డం పెట్టుకున్నాయి. వినియోగదారుల కమిషన్లకు ఆ అధికారం ఉందని అదే కోర్టు చెప్పడానికి 2022 ఫిబ్రవరి 16 దాకా పట్టింది. పన్నెండేళ్ళు పైచిలుకు! మరుసటి ఏడు పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది.

మన రాష్ట్రంలో 2017 డిసెంబరు 27న ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదటి ధర నెలకు 149 రూపాయలు. తీగ కరెంటు స్తంభాల మీదుగా వచ్చినా, ఇంటికి కలిపేది ఊళ్ళోని కేబుల్ ఆపరేటరే. ఇలా మధ్యన మరొకరు ఉన్నచోట లైను ఆగితే ఎవరిని అడగాలన్నది చందాదారుకు పెద్ద చిక్కు.

2019 చట్టం ఒక మేలు చేసింది. కంపెనీ ఎక్కడున్నా చందాదారు తాను నివసించే చోటే ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడ్డాక ఈ రెండు ఊళ్ళకూ జిల్లా కేంద్రం విజయవాడే. అయితే ఫిర్యాదుకు కాగితం ఉండాలి కదా! మనలో సంతకం పెట్టిన ఫారం నకలు దాచుకున్నవారు ఎందరు? నేనూ దాచుకోలేదు. ఈ వ్యాసం రాస్తూ మొన్న వెళ్ళి అడిగాను. వెతికి ఇస్తామన్నారు.