జూలైలో మన తేదీ

జూలై 4 అనగానే మన ఐటీ జనాలకి లాంగ్ వీకెండూ, బాణసంచా గుర్తొస్తాయి. పన్నుల గొడవతో 1773లో బోస్టన్ వాళ్ళు సముద్రంలో పారబోసింది ఈస్టిండియా కంపెనీ టీనే. 1776 జూలై 4న స్వాతంత్ర్యం ప్రకటించేసుకున్నారు.

అదే కంపెనీ మా విజయనగరం రాజు రెండో విజయరామరాజుని పేష్కష్ బకాయిలు కట్టమంది. చివరికి సంస్థానం వదిలి మచిలీపట్నం పొమ్మంది. ఆయన పోలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. యుద్ధం గంట కూడా సాగలేదట! ఆ దగ్గర్లోని పాండ్రంగిలోనే 1897 జూలై 4న అల్లూరి సీతారామరాజు పుట్టాడు.

గెలిచిన తేదీకి సెలవిస్తారు, ఓడిన తేదీని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? విజయనగరంలో పెరిగిన నాకే జూలై 10 సంగతి ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఈసారి ఊరెళ్తే పద్మనాభం కొండెక్కి రండి.