చార్ మినార్: బాబాసాహెబ్ అద్దెకివ్వడానికి కట్టిన ఇల్లు



ఉద్యోగాల్లో కుదురుకున్న నా పాత విద్యార్థులు ఈ మధ్య ఫోన్ చేసి ఒకే మాట అడుగుతున్నారు. "సార్, లోన్ పెట్టి ఒక ఫ్లాట్ కొని అద్దెకిస్తే ఎలా ఉంటుంది?" కాసేపు ఆగి, గొంతు తగ్గించి ఇంకో మాట: "మనమే ఓనర్లమైతే అంబేద్కరిజానికి అడ్డమా సార్?" రెండింటికీ చరిత్రలోంచే జవాబు వెతుకుదాం.

ముందు ఇంటి కింద నేల సంగతి. మన ముత్తాతలకు ఇల్లంటే గుడిసె. ఆ గుడిసె నిలబడ్డ నేల చాలా ఊళ్లలో వాళ్లది కాదు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి దళితుల బతుకు మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక రాశాడు. మిరాసీదార్ల పెత్తనం పొలాల మీదే కాదు, దళితుల ఇళ్ల స్థలాల మీద కూడా ఉందని అందులో చెప్పాడు. ఎదురు తిరిగితే పనితో పాటు నెత్తిమీద కప్పు కూడా పోతుంది. వెట్టిని నిలబెట్టింది కొరడా ఒక్కటే కాదు, ఈ భయం కూడా. ఆ నివేదిక తర్వాత 1892లో దళితులకు బంజరు భూములు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. ఈనాటికీ తమిళనాడులో కొట్లాడుతున్న పంచమి భూముల కథ అక్కడ మొదలైంది. మన కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోవే. 1920ల్లో లేబర్ డిపార్ట్‌మెంట్ మనవాళ్లకు ఇళ్ల స్థలాలు సేకరించి, వాయిదాల మీద సొమ్ము వసూలు చేసుకుంటూ ఇచ్చింది. అంటే గజం నేల కోసం మనం కిస్తీలు కట్టడం నిన్న మొన్నటి ఈఎంఐతో మొదలవలేదు.

ఇది పల్లె సంగతి. పట్నం పోతే కులం పోతుందా?

1917లో కొలంబియా, లండన్ చదువులు చూసి వచ్చిన బాబాసాహెబ్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. ఊరంతా తిరిగినా తలదాచుకునే చోటు లేదు. చివరికి ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరు రాయించుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని కొందరు పార్సీలు వచ్చి, సాయంత్రానికి ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ స్నేహితుణ్ణీ, ఒక క్రైస్తవ స్నేహితుణ్ణీ అడిగారు. ఇద్దరిళ్లలోనూ చోటు దొరకలేదు. పార్కులో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి తిరిగొచ్చేశారు. చేతిలో డబ్బుంది, డిగ్రీలున్నాయి, సంస్థానం ఇచ్చిన ఉద్యోగం ఉంది. లేనిదల్లా గది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే ఇదంతా రాసుకున్నారు.

బొంబాయిలో ఆయన కాపురం పరేల్‌లోని బీఐటీ చాల్‌లో. మిల్లు కార్మికుల మధ్య, రెండు చిన్న గదులు. అక్కడి నుంచే మహాడ్ చెరువు పోరాటం, అక్కడి నుంచే రౌండ్ టేబుల్ సమావేశాలు.

అప్పుడు ఆయన ఏం చేశారో మన ఉపన్యాసాల్లో పెద్దగా వినపడదు. 1930 ప్రాంతంలో రెండు భవనాలు తలపెట్టారు. దాదర్ హిందూ కాలనీలో రాజగృహ, కుటుంబానికీ పుస్తకాలకూ. రెండోదాని పేరు చార్ మినార్. అది అద్దెకివ్వడానికి. అప్పు తెచ్చి కట్టారు. 1933 నాటికి పని పూర్తయింది. బింబిసారుడి రాజధాని పేరు పెట్టుకున్న ఇంట్లో వేల పుస్తకాలు చేరాయి. కులం పేరుతో సత్రంలోంచి తరిమేయబడ్డ మనిషి, హిందూ కాలనీ అని పేరున్న చోట ఓనరయ్యాడు. అద్దెకిచ్చే ఇంటికి కూడా ఓనరయ్యాడు. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రెండో ప్రశ్న అడగడానికి సిగ్గు పడక్కర్లేదు. వకీలుగా సంపాదించినదానికి తోడు ఎవరి దయా అక్కర్లేని ఒక రాబడి ఉండాలని చూడటం ద్రోహం కాదు.

1941లో ఆయన చార్ మినార్‌ను అమ్మేశారు. అప్పులు తీర్చడానికి, పుస్తకాలు కొనడానికి. రాజగృహను మాత్రం ఉంచుకున్నారు. ఏది ఆస్తి, ఏది అవసరం అన్నది ఆయనకు స్పష్టంగా తెలుసు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, లెక్క. అరవై లక్షల ఫ్లాట్‌కి నెలకు పదిహేను వేలు అద్దె వస్తుందనుకోండి. ఏడాదికి లక్షా ఎనభై వేలు, అంటే 3 శాతం. నలభై ఎనిమిది లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే కిస్తీ దాదాపు 41,650. అద్దె అందులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతాది జీతంలోంచి పోవాలి. మెయింటెనెన్స్, ఇంటి పన్ను, ఖాళీగా ఉండే నెలలు వేరే. తండ్రి ఇచ్చిన స్థలమో, అమ్మిన పొలం డబ్బో ఉన్నవాడికి ఇది తేలిక. మనలో చాలామందికి అమ్మానాన్నల దగ్గర ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన ఇంటి పట్టా. 1977 అసైన్డ్ భూముల చట్టం అలాంటి స్థలాల అమ్మకాన్ని నిషేధించింది. పెద్దోళ్లు లాక్కోకుండా కాపాడిన మంచి చట్టం అది. తర్వాత సవరణలొచ్చాయి. అయినా పక్క వీధిలోవాడికి పెట్టుబడిగా మారిన నేల, దశాబ్దాల పాటు మనకు గూడుగా మాత్రమే మిగిలింది. మొదటి తరం ఉద్యోగి ఇంటికి డబ్బు పంపాలి, చెల్లి చదువు చూడాలి. ఆ జీతం మీద నెలకు ఇరవై ఆరు వేలు అదనంగా మోయగలవా అన్నదే అసలు లెక్క. మోయలేకపోతే ఆగు. ముందు నువ్వుండే ఇల్లు చూసుకో.

కొన్నాక తలుపు ఎవరికి తెరుస్తావన్నది ఇంకో ప్రశ్న. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరాట్ బృందం చేసిన పరిశీలన 2015లో ఈపీడబ్ల్యూలో వచ్చింది. పేరును బట్టి దళితులకూ ముస్లింలకూ ఇళ్లు నిరాకరిస్తున్నారని, ఇచ్చినా షరతులు పెడుతున్నారని తేలింది. నాకు అది చదివి తెలుసుకోవాల్సిన పని పడలేదు. పీహెచ్‌డీ అయ్యాక ఇల్లు వెతుక్కుంటుంటే, కాలేజీ పేరు విని కాఫీ ఇచ్చిన ఒక ఓనరు, ఇంటిపేరు విన్నాక "మా చుట్టాలొస్తున్నారండీ" అన్నాడు. టులెట్ బోర్డు మరో రెండు నెలలు ఆ గేటుకే వేలాడింది.

అద్దె ఇల్లు కొనే మన పిల్లలకు నా మాట ఇదే. రేపు నీ గేటు ముందు ఒక ముస్లిం జంటో, ఒంటరి ఆడమనిషో, మన పల్లె నుంచి వచ్చిన నర్సింగ్ పిల్లో నిలబడితే, అద్దె ఎంతో చెప్పు, అడ్వాన్స్ ఎంతో చెప్పు, కరెంటు మీటరు చూపించు. ఇంటిపేరు అడగకు, వంటింట్లో ఏం వండుతారో అడగకు.

వచ్చే వారం పంచమి భూముల గురించి వివరంగా రాస్తాను. జై భీమ్.